తుక్కు తీర్పు క్యాలెండరు చెప్పకూడదు

“తొక్కు... పట్టి ఉంచు... వదలకు.”

సంక్రాంతి సెలవుల్లో భిలాయిలో మా మేనమామ ఇంటి ముందు నాకు అప్పజెప్పిన పని ఇది. ఆయన పికప్పు వెనక చక్రం పక్కన గోనెసంచి పరుచుకుని పడుకుంటారు. నేను బ్రేకు పెడలు తొక్కి పట్టగానే వీల్ సిలిండర్ నిపిల్‌ను అరచుట్టు వదులు చేస్తారు. సన్నటి గొట్టం గుండా గాజు సీసాలోకి బ్రేకు ఆయిలుతో పాటు బుడగలు వస్తాయి. నిపిల్ బిగించాక “ఊఁ, ఇక వదులు” అంటారు. బుడగ రావడం ఆగేదాకా ఒక్కో చక్రానికీ ఇదే తంతు. “మావయ్యా, చాలు కదా” అన్నాను మూడో చక్రం దగ్గర. “బ్రేకులో గాలి ఉంటే చాలడం చాలకపోవడం ఉండదురా. బండి ఆగుతుంది, లేదా ఆగదు” అన్నారు.

ఆ బండి 1996 నాటి టాటా 207. 1988లో టెల్కో ‘టాటామొబైల్’ పేరుతో మొదలుపెట్టిన వరుసలోది. మే నెలలో దానికి ఎఫ్‌సీ గడువు ముగుస్తుంది. దిల్లీలో కూర్చుని ‘జీవితకాలం ముగిసిన వాహనాలు’ అన్న మాటను నేను ఎన్ని వార్తల్లో రాశానో లెక్కలేదు. ఆ మాటను కొంచెం ఆగి పరిశీలించవలసిన అవసరం ఆ రోజు బ్రేకు పెడలు మీద కాలు పెట్టినప్పుడే తెలిసింది. ఒక యంత్రం జీవితకాలం ముగిసిందని ఎవరు నిర్ణయించాలి? దాన్ని విప్పి చూసినవాడా, పుట్టిన తేదీ చూసినవాడా?

మావయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి 1970లలో భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారం మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఊళ్లో అటువంటి తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. 2011లో ఒక టెంటుహౌసు వెనక చెట్టు కింద పడి ఉన్న ఈ బండిని దాదాపు ఇనుము ధరకే కొన్నారు. క్యాబిన్ నేల తుప్పుపట్టి కాళ్ల కింద రోడ్డు కనిపించేది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగు చేశారు. కమాను కట్టలు విప్పి, విరిగిన ఆకులు మార్చారు. నాజిళ్లు, డీజిలు పంపు మాత్రం పరీక్ష బెంచి ఉన్న దుకాణానికి పంపారు. “ఇంట్లో చేయగలిగిందేదో, చేయకూడనిదేదో తెలియడమే సగం పని” అన్నది ఆయన సూత్రం. రోడ్డెక్కడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు మా బావ దానితో నర్సరీ మొక్కలు, మట్టి, ఎరువు తోలుతున్నాడు. వినాయక చవితికి థనౌద్ శిల్పుల దగ్గరి నుంచి వీధి గణపతి వచ్చేది ఆ బండిలోనే. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు దాటదు.

ఆ బండి డాష్‌బోర్డు అరలో అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. ఇంజను ఆయిలు ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు, టాపెట్ సందును ఫీలర్ గేజితో ఎప్పుడు చూశారు, గ్రీజు ఎప్పుడు కొట్టారు, ఏ చక్రం డ్రమ్ము ఎంత అరిగింది, అంతా తెలుగులో రాసి ఉంది. కర్మాగారంలో షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కు రాసిన అలవాటు అది. ఇటువంటి పనిని మన ఇంగ్లీషు వ్యాసకర్తలు ‘జుగాడ్’ అని ముద్దుగా పిలుస్తారు. తాడుతో కట్టి పని గడుపుకోవడం జుగాడ్. కొలిచి, రాసి, గడువుకు ముందే మార్చడం ఇంజనీరింగు. రెండింటినీ ఒకే గంపలో వేయడం పనివాడిని మెచ్చుకుంటున్నట్టు నటిస్తూ అవమానించడమే.

ఇక విధానం సంగతి. 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వచ్ఛంద వాహన తుక్కు విధానాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 13న ప్రధాని దాన్ని ప్రారంభించారు. న్యాయంగా చెప్పాలంటే, వాణిజ్య వాహనానికి 15 ఏళ్లు, సొంత వాహనానికి 20 ఏళ్లు నిండగానే తుక్కు చేయమని ఆ విధానం చెప్పదు. పరీక్షలో నెగ్గిన బండి తిరగవచ్చు. అక్షరం వరకు అది సబబైన సూత్రమే. దాని చుట్టూ అల్లిన లెక్కలతోనే నా పేచీ.

2022 ఏప్రిల్ 1 నుంచి, 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు చేరింది. అదే వయసు దాటిన లారీ, బస్సుల ఎఫ్‌సీ రుసుము 1,500 నుంచి 12,500 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాల రిజిస్ట్రేషను పునరుద్ధరణ 10,000కు పెరిగింది. ఈ రుసుములకు బండి స్థితితో సంబంధం లేదు. పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గిన పాత బండికీ, అంచున గట్టెక్కిన పాత బండికీ ఒకే వడ్డన. పరీక్ష ఖర్చుకు మించి వయసును బట్టి వసూలు చేసేది రుసుము కాదు, జరిమానా. మరి నేరం ఏమిటి? పాతబడటమే!

ఇంకోవైపు ప్రోత్సాహకాలు చూడండి. బండిని తుక్కుకిచ్చిన ధ్రువపత్రంతో కొత్తది కొంటే రోడ్డు పన్నులో సొంత వాహనానికి 25 శాతం, వాణిజ్య వాహనానికి 15 శాతం వరకు రాయితీ. తుక్కు విలువ కొత్త బండి షోరూము ధరలో 4 నుంచి 6 శాతం ఉండవచ్చని అంచనా. పది లక్షలకు అటూ ఇటూ పెట్టి కొత్త పికప్పు కొనగలిగినవాడికే ఈ రాయితీ అందుతుంది. కొనలేనివాడికి మిగిలేది పెరిగిన రుసుము ఒక్కటే. పర్యావరణం పేరు చెప్పి కిందివాడి జేబులోంచి తీసి పైవాడి డౌన్‌పేమెంటులో కలపడానికి ఇంతకన్నా మర్యాదైన దారి ఉండదు.

ప్రభుత్వ వాహనాల విషయంలో ఆ పరీక్ష ముసుగు కూడా లేదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించరాదని కేంద్రం నోటిఫికేషను ఇచ్చింది. తొమ్మిది లక్షలకు పైగా ప్రభుత్వ వాహనాలు తుక్కుకు వెళతాయని రవాణా మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. అంటే, అవసరమైన చోట పాత యంత్రాన్ని సరిగా చూసుకుని నడపవచ్చన్న సంగతి ప్రభుత్వానికి తెలుసు.

భిలాయిలో నిలబడి చూస్తే ఈ వైరుధ్యం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఫర్నేసు పాతబడితే దాన్ని ఆపుతారు, లోపలి ఇటుక పొరను తీసి కొత్తది కడతారు, ‘క్యాపిటల్ రిపేరు’ చేసి మళ్లీ రాజేస్తారు. పుట్టిన తేదీ చూసి ఏ ఫర్నేసునూ పడగొట్టరు. ప్రభుత్వం తన ఉక్కు పొయ్యికి ఇచ్చే అవకాశాన్ని, దాన్ని జీవితమంతా మరమ్మతు చేసిన కార్మికుడి బండికి ఇవ్వనంటే ఎలా?

తుక్కు కరిగిస్తే ఉక్కు వస్తుంది, అది ఖనిజం నుంచి తీసే ఉక్కు కన్నా తక్కువ కాలుష్యంతో వస్తుంది అన్న వాదన నిజమే. తిరగలేని బండిని కరిగించాల్సిందే. కానీ తిరగగల బండిని కరిగించి దాని స్థానంలో కొత్తది తయారుచేయడాన్ని పొదుపు అనలేం. మన దేశంలో ఒక టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. కొత్త బండి షోరూములోంచి బయటికి రాకముందే గాలికి కొంత బాకీ పడి ఉంటుంది. తుక్కు విధానం లెక్కల్లో ఆ పద్దు ఎక్కడా లేదు.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే అసలు ప్రశ్న నుంచి తప్పుకోను. పాత డీజిలు బండి పొగ విషమే. బీఎస్ ప్రమాణాలు రాకముందు పుట్టిన ఇంజను, 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 ఇంజనుతో ఏ విధంగానూ సాటి రాదు. మావయ్య బండి పొగ పరీక్షలో హద్దులోపలే ఉన్నా, ఆ పరీక్ష కొలిచేది పొగ సాంద్రతనే కానీ, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళిని కాదు. దిల్లీ శీతకాలంలో ఆ బండి తిరగకూడదంటే నేను అడ్డు చెప్పను. నా పిల్లలు పీల్చేది ఆ గాలే.

అయితే దిల్లీ అనుభవం చెప్పిన పాఠం కూడా వినాలి. అక్కడ 2014, 2015లలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలు పదేళ్ల డీజిలు, 15 ఏళ్ల పెట్రోలు అంటూ వయసునే గీటురాయి చేశాయి. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జులై 1న ఆ వయసు దాటిన వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయవద్దన్నారు. జనం గగ్గోలు పెడితే రెండు రోజుల్లో వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు కారణంతో యజమానులపై బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకు పరిమితం చేసింది. పదేళ్ల గందరగోళం తరువాత న్యాయస్థానం చివరకు చేరిన చోటు ఏది? వయసు నుంచి ప్రమాణం వైపు. మొదటి రోజే అక్కడ నిలబడవలసింది.

ప్రమాణంతో పాటు చూడవలసింది ఇంకొకటి ఉంది: ఎంత దూరం తిరుగుతుంది, ఎక్కడ తిరుగుతుంది. నగరం నడిబొడ్డున ఏడాదికి 50 వేల కిలోమీటర్లు తిరిగే బండినీ, దుర్గ్ పొలిమేరల్లో నాలుగు వేలు తిరిగే బండినీ ఒకే కొలతతో కొలవడం శాస్త్రం కాదు, సోమరితనం. భిలాయి గాలి తులసివనం అని నేను అనడం లేదు. ఆ గాలిని బాగుచేయదలచినవారు చూపు ముందుగా చిమ్నీల వైపు తిప్పాలి. మొక్కలు మోసే పికప్పు వంతు చాలా తరువాత వస్తుంది.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని రెండో సగానికి వస్తాను. మావయ్య ఆ బండిని బాగుచేయగలిగారంటే కారణం ఆయన నైపుణ్యం ఒక్కటే కాదు. అది పానా, జాకీలతో విప్పగలిగిన బండి. దాని డీజిలు పంపు యాంత్రికం. ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు అనుమతీ అక్కర్లేదు. మా బావ ఒక కొత్త బండి కూడా కొన్నాడు. దానిలో హెచ్చరిక దీపం వెలిగితే, అధీకృత సర్వీసు కేంద్రం వాళ్లు స్కానరు తగిలించి, కోడు చెరిపి, బిల్లు చేతిలో పెట్టారు. జబ్బేమిటో చెప్పలేదు. వారం తరువాత దీపం మళ్లీ వెలిగింది. 15 ఏళ్ల తరువాత ఆ కొత్త బండిని ఇంటి ముందు బాగుచేయడం ఎవరి తరం?

ఇది కొత్త సంగతేమీ కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం, రోగనిర్ధారణ పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నదే అభియోగం. తరువాత వ్యవహారం అప్పీళ్లలో పడింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసి, గుర్తించిన రంగాల్లో వాహనాలనూ చేర్చింది. ఒక పోర్టల్ వచ్చింది. చట్టం రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఇదే హక్కును 2012లో ప్రజల ఓటుతో గెలుచుకుంది. కంపెనీలు వైర్‌లెస్ డేటా సాకు తెచ్చినప్పుడు 2020లో మళ్లీ ఓటేసి గెలిచింది.

తుక్కు విధానాన్నీ, మరమ్మతు హక్కు లేమినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేయి బండిని బాగుచేసుకోనివ్వదు, రెండో చేయి బాగులేదని లాక్కుంటుంది. రెండు చేతులకూ లాభం ఒకే చోట జమ అవుతుంది. తయారీదారులు మరిన్ని బండ్లు అమ్ముకోవాలనుకోవడం వ్యాపారం, అందులో తప్పులేదు. కానీ ఆ అమ్మకాల లక్ష్యానికి పర్యావరణం అని పేరుపెట్టి పార్లమెంటులో వినిపిస్తుంటే, ప్రతిపక్షం సైతం బల్లలు చరుస్తుంటే, గ్యాలరీలో కూర్చున్న మాలాంటివారైనా ఆ పేరును ప్రశ్నించాలి.

నేను అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. వయసును బట్టి పెంచిన రుసుములు తీసేసి, పరీక్షకు అయ్యే ఖర్చు మాత్రమే వసూలు చేయండి. బ్రేకులు, స్టీరింగు, ఉద్గారాలు కఠినంగా పరీక్షించండి. ఆ యంత్ర పరీక్షా కేంద్రం ప్రతి జిల్లాలోనూ ఉండేలా చూడండి. తప్పిన బండికి ఏ లోపం వల్ల తప్పిందో రాతపూర్వకంగా చెప్పి, బాగుచేసుకునే గడువు ఇవ్వండి. బండి అమ్మకం ఆగిన తరువాత కనీసం ఇరవై ఏళ్లు విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు, స్కానరు సంకేతాలు ఎవరికైనా సరసమైన ధరకు దొరికేలా చట్టం చేయండి. తుక్కుకిచ్చేవాడికి ఇచ్చే రాయితీలో కొంత, పాత బండిని ప్రమాణానికి తెచ్చుకునేవాడికీ ఇవ్వండి.

తిరుగు ప్రయాణం ముందు రోజు మావయ్యను అడిగాను, మేలో బండి ఎఫ్‌సీ తప్పితే ఏం చేస్తారని. “ఎందుకు తప్పిందో చూస్తాను. నా వల్ల అయ్యేదైతే చేస్తాను. కాకపోతే నేనే తోలుకెళ్లి తుక్కుకు అప్పజెప్తాను. ఛాసిస్ పోయిన బండిని రోడ్డెక్కించి ఎవరి ప్రాణం తీస్తాన్రా?” అన్నారు.

పరీక్షకు భయపడని మనిషి ఆయన. ఆయనను పరీక్షించండి. పుట్టిన తేదీ అడిగి పంపేయకండి.