బిడ్డ ఇంటికి పోకముందే మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీయండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రజలకు, డాక్టర్లకు, ప్రజాప్రతినిధులకు విన్నపం

కాన్పు బాగానే అయింది. మగబిడ్డ, మంచి బరువు, పాలు తాగాడు. రెండో వారంలో తాగిన పాలు కక్కడం మొదలుపెట్టాడు. బరువు తగ్గాడు, ఒళ్ళు వాడిపోయింది. ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు బాలగ్రహం అన్నారు. అప్పటికే ఒంట్లో ఉప్పు పడిపోయి, పొటాషియం పెరిగి, గుండెకే ముప్పు వచ్చి ఉండవచ్చు.

ఇట్లా ప్రాణం మీదికి తెచ్చే జబ్బుల్లో సీఏహెచ్ (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా) ఒకటి. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు పుట్టుకనుంచే చాలినంత కార్టిసాల్ తయారుచేయలేవు. చాలామందిలో ఉప్పును నిలిపే హార్మోనూ చాలదు. ఆడబిడ్డకైతే జననాంగం తేడాగా కనిపించి అనుమానం వస్తుంది. అప్పుడు ఆడో మగో తొందరపడి తేల్చకుండా పరీక్ష చేయించాలి. మగబిడ్డలో పైకి ఏమీ తెలియదు. మా దిగులంతా ఆ బిడ్డల గురించే.

తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఇంకా జరుగుతున్న సీమలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం. ఇందులో తల్లి తప్పేమీ లేదని అత్తింటివాళ్ళు తెలుసుకోవాలి. ఐసీఎంఆర్ అయిదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే 5,762 మందిలో ఒకరికి ఈ జబ్బు తేలింది. మన పొరుగున చెన్నైలో 2,036 మందికి ఒకరు!

పుట్టిన 48 నుంచి 72 గంటల్లో మడమ మీద చిన్న సూదిపోటు, అద్దుడు కాగితం మీద కొన్ని చుక్కలు: ఈ జబ్బును పట్టే పరీక్షకు అంతే చాలు. కేరళ ప్రభుత్వాసుపత్రుల్లో ఇది చేస్తున్నారు. స్విమ్స్, రుయా ఉన్న తిరుపతిలో ఎందుకు చేయకూడదు? ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ప్రతి శిశువుకూ చేయాలి. ఫలితం వారంలోపే ఇంటికి చేరాలి. ఆలస్యమైతే పరీక్ష చేసినా బిడ్డ దక్కకపోవచ్చు.

మందులు మొదలైతే బిడ్డ అందరిలాగే పెరుగుతాడు, బడికి పోతాడు. హైడ్రోకార్టిసోన్ రోజుకు మూడుసార్లు, అవసరమైనవాళ్ళకు ఫ్లూడ్రోకార్టిసోన్, పసితనంలో డాక్టరు చెప్పినంత ఉప్పు. బాగున్నాడు కదా అని మాత్రలు ఆపకండి, దయచేసి ఆపకండి. జ్వరమొస్తే డాక్టరు ముందే చెప్పిన ప్రకారం మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే సూదే దిక్కు.

కుప్పం, పలమనేరు పల్లెల నుంచి తిరుపతికి చేరేలోపు ఆ సూది పడాలి. అందుకే ప్రతి పీహెచ్‌సీలో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఉంచాలి. తల్లి చేతిలో డాక్టరు మోతాదు రాసిచ్చిన చీటీ ఉంటే, డ్యూటీ నర్సు ముందు సూది వేసి ఆ తర్వాతే 108 ఎక్కించేలా కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వాలి.