తుఫాను రాత్రి డ్యూటీ

తుఫాను వెళ్ళిన మరునాడు పత్రికలలో తప్పక కనబడే వాక్యం ఒకటి ఉంది: ముందస్తు చర్యల వల్ల ప్రాణనష్టం తగ్గింది. అది నిజమే, సంతోషించవలసినదే. 2024 అక్టోబరు 24 రాత్రి దానా తుఫాను ఒడిశా తీరాన్ని తాకుతున్నప్పుడు మేము ఖరగ్‌పూర్‌లో ఉన్నాము. ఆగ్నేయ రైల్వే అనేక రైళ్ళను ముందుగానే రద్దు చేసింది. అయినా లైను మీద మనుషులున్నారు. బండి ఆగినంత మాత్రాన ట్రాక్‌మన్ డ్యూటీ ఆగదు. తెల్లవారి మొదటి బండి కదలాలంటే రాత్రే ఎవరో ఒకరు పట్టాల వెంట నడవాలి.

మా చిన్నతనంలో ఆ ఎవరో ఒకరు మా తండ్రిగారు. ఆయన తెనాలి-రేపల్లె బ్రాంచి లైనులో గ్యాంగ్‌మన్. 1977 నవంబరు 19, శనివారం. మాకు తొమ్మిదేళ్ళు. క్వార్టర్లన్నింటికీ కలిపి ఒకే ట్రాన్సిస్టరు. తుఫాను వస్తున్నదని అది చెప్పింది, సముద్రం ఎంత ఎత్తున లేస్తుందో చెప్పలేదు. చీకటి పడేసరికి బంగాళా పెంకులు మొదట ఒక్కొక్కటిగా, పిమ్మట వరుసలు వరుసలుగా ఎగిరిపోయాయి. మా తల్లిగారు మమ్మల్ని నులకమంచం క్రిందికి తోసి పైన బొంత పరిచారు. తండ్రిగారు గోనెసంచి కొప్పె వేసుకొని, చేతిలాంతరు, ఫాగ్ సిగ్నళ్ళు తీసుకొని గేటు వైపు వెళ్ళారు. మరునాటి మధ్యాహ్నానికి గాని తిరిగి రాలేదు. వచ్చి, లైను మీద ఎక్కడెక్కడ తాడిచెట్లు పడ్డవో మేస్త్రీకి లెక్క చెప్పి, అన్నం అడిగారు. ఇంట్లో పొయ్యి వెలగలేదు.

దివిసీమ సంగతి మాకు తర్వాత తెలిసింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. మృతులు 10,000 దరిదాపులని సర్కారు లెక్క. అనధికార అంచనాలు అంతకు చాలా ఎక్కువ.

మా మేనమామగారు సముద్రం వైపు పల్లెలకు పోస్టుమన్. ఉప్పెన వచ్చిన కొద్ది రోజులకు ఆయన సంచి నిండా దూరపు బంధువులు పంపిన మనియార్డర్లు, క్షేమమేనా అని అడిగే కార్డులు. ఆయన ఊరు చేరి, ఇల్లు ఉండిన చోటు గుర్తుపట్టలేక, బ్రతికినవారిని అడిగి తెలుసుకొనేవారు. ఒకనాటి సాయంత్రం మా గుమ్మంలో కూర్చొని ఒక్కొక్క కార్డు మీద 'చిరునామాదారు మరణించారు' అని వ్రాశారు. కరెంటు లేదు, మేము దీపం పట్టుకొన్నాము. అరవై వరకు లెక్కపెట్టి ఆపివేశాము.

ఆ తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే తుఫానులో లక్షకు పైగా జనాన్ని ముందే తరలించగా మృతుల సంఖ్య వెయ్యి లోపున నిలిచింది. 2013 ఫైలిన్‌కు తరలించినవారు 10 లక్షల దరిదాపులు, మృతులు పదులలోనే. ఇక్కడి మేదినీపూర్ జిల్లాలో 1942 అక్టోబరు 16 నాటి తుఫాను వార్త యుద్ధకాలపు ఆంక్షల వల్ల రోజుల తరబడి బయటికే పొక్కలేదు. ఈనాడు ఉపగ్రహం నాలుగు రోజుల ముందే చెబుతున్నది. కాని ఉపగ్రహం తలుపు తట్టదు, కొట్టుకుపోయిన కంకర నింపదు. ఆ పని చేసేవారి సంగతి ఏమి?

డ్యూటీయే కదా, ప్రత్యేకంగా అడిగేదేమిటని మన సోదరులలోనే కొందరంటారు. డ్యూటీకి మేము ఏనాడూ వెనుకాడలేదు. తుఫాను రాత్రి ఒంటరిగా ఎవరినీ పెట్రోలింగుకు పంపరాదంటున్నాము; ఇద్దరిని పంపాలంటే ఖాళీలు నింపాలి. వాన కోటు, తల దాచుకొనే చోటు దయాదానం కాదు. వరదనీటిలో ఉత్తరం చేర్చే గ్రామీణ డాక్ సేవక్‌ను ఈనాటికీ రెగ్యులర్ ఉద్యోగిగా గుర్తించకపోవడం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

కాంట్రాక్టు కార్మికుల మాట మన డిమాండ్ల పత్రంలో చివరన వస్తుంది. ఆ తప్పు మనది కూడా. దానా రాత్రి మేము యూనియన్ ఆఫీసు తలుపులు తెరిచి ఉంచాము. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు రేకుల గదులలో ఉండే కుర్రవాళ్ళు కొందరు వచ్చి పడుకొన్నారు. వాన తెరిపి ఇవ్వకముందే లేచి చెప్పులు వెదుక్కొంటున్నారు. కాస్త ఆగండి నాయనా, టీ వస్తుందన్నాము. ఆలస్యమైతే ఈ పూట కూలి పోతుందండీ అని ఒకడు అన్నాడు. తక్కినవారు అప్పటికే రోడ్డెక్కారు.