ఔట్‌డోర్‌లో కుర్చీ!

హీరోగారి కుర్చీ వెనక పేరుంటుందని మీకు తెలుసు. ఆ గుడ్డ ఏమిటో ఎప్పుడైనా గమనించారా? చాలావరకు కాన్వాసు. దర్జా కోసం కాదండోయ్! మడిస్తే కత్తెరలా ముడుచుకుని వ్యాన్‌లో ఓ మూల పడుంటుంది. నూలుగుడ్డ గనక వీపుకి గాలాడుతుంది, చెమట పీలుస్తుంది. మే నెలలో గోదావరి ఇసుకలో అంతకన్నా ఏం కావాలి? అయితే ఆ పీల్చే గుణమే వానల్లో కొంప ముంచుతుంది. తడిసినదాన్ని ఆరబెట్టకుండా మడిచారో, బూజు పట్టి, కంపు కొట్టి, ఓ రోజు పర్రున చిరుగుతుంది. కూర్చున్నది విలన్‌గారైతే నవ్వడానికీ లేదు!

సాయంత్రాలు డాబా మీద చేరి కొత్త సినిమాని చీల్చి చెండాడే మిత్రులు మీలో చాలామందే ఉన్నారు గనక ఈ గొడవంతా. మీ దగ్గరుండేది ప్లాస్టిక్ కుర్చీయేగా? ఒకే అచ్చులో పోసే ఆ కుర్చీని 1972లో ఫ్రాన్సులో ఆన్రీ మాసొనే రెండు నిమిషాల్లోపే తయారుచేసి చూపించాడు. చవక, తేలిక, వానకి జంకదు. ఎండకి మాత్రం లొంగిపోతుంది. అతినీలలోహిత కిరణాలు లోపలి అల్లికని తెంచేస్తాయి. రంగు వెలిసి, చేత్తో రాస్తే సుద్దపొడిలా అంటుకుందంటే దాని పనైపోయినట్టే. లావుపాటి మావయ్యగారొస్తే రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసి కూర్చోబెట్టండి!

ఇనప కుర్చీ మధ్యాహ్నానికి పెనం. పేము కుర్చీ అందగత్తె, వరండా నీడ దాటి రాకూడదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఎండావానా ఓర్చుకుంటుంది, జేబే ఓర్చుకోదు. నా ఓటు నూలు నవారుకి. గాలాడుతుంది, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు.

బాపుగారు పులిదిండిలో 'సాక్షి' (1967) తీసిన రోజుల్లో కారవాన్లు లేవు. ఇప్పుడున్నాయి, కాని ఎవరికి? ఈమధ్య ఓ ఔట్‌డోర్‌లో చూశాను. గుంపులో అవ్వ వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టు ఒకావిడ, పన్నెండింటి ఎండలో, లైట్ల ఇనపపెట్టె మీద చెంగు నాలుగు మడతలేసుకుని కూర్చుంది. పక్కన గొడుగు కింద పేరున్న కుర్చీ ఖాళీ. అందులో కూర్చోమని ఎవరూ అనలేదు, ఆవిడా అటు చూడలేదు. షాట్ రెడీ అనేసరికి రెండు గంటలు దాటింది.

ప్రొడక్షన్ మేనేజరుగారూ, వ్యాన్‌లో నాలుగు నవారు స్టూళ్లు వేయించడానికి ఎంతవుతుందండీ?