వెండితెర వెలుగులు: పటం కట్టిన చెక్కు

ఈ మాసం మేము పాఠకులకు పరిచయం చేయదలచినది 1933లో విడుదలైన అమెరికన్ హాస్య ప్రణయ చిత్రం 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933'. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వెలువడిన మరుసటి ఏటి చిత్రమిది. మెర్విన్ లెరాయ్ దర్శకుడు. బస్బీ బర్క్‌లీ నృత్య నిర్దేశకుడు. వార్నర్ బ్రదర్స్ వారి నిర్మాణం. ధనవంతులను వలపు వలలో వేసి సొమ్ము గుంజుకునే స్త్రీని అక్కడివారు 'గోల్డ్ డిగ్గర్' అంటారు. ఆ నింద ఏపాటి న్యాయమన్నదే ఈ చిత్రం నవ్విస్తూ అడిగే ప్రశ్న.

నాణేలతో కూర్చిన దుస్తులు ధరించి, చేతినిండా డబ్బున్నదని నర్తకీమణులు పాడుతుండగా కథ మొదలవుతుంది. పాట పూర్తికాకముందే అప్పులవారి పక్షాన అధికారులు వచ్చి సామగ్రిని, చివరకు ఒంటిమీది వేషాలను సైతం జప్తు చేస్తారు. ప్రదర్శనతోపాటు అందరి జీవనాధారమూ పోతుంది. ఆ ఏడాది అమెరికా శ్రామికులలో దాదాపు నాలుగోవంతు మంది నిరుద్యోగులు.

కారోల్, ట్రిక్సీ, పాలీ అనే ముగ్గురు నటీమణులు ఒకే ఇంట్లో కాపురముంటారు. పక్కింటివారి పాలసీసాను కిటికీలోంచి పటకారుతో లాగి తెచ్చుకునేంత దుర్గతి వారిది. అయినా వారు ఎదురుచూసేది వరుని కోసం కాదు, వేషం కోసం. పాలీని ప్రేమించిన పొరుగింటి యువ స్వరకర్త బ్రాడ్ 15,000 డాలర్లు పెట్టుబడి పెట్టి నాటకాన్ని నిలబెడతాడు. అతడు బోస్టన్ సంపన్న కుటుంబీకుడని తరువాత తెలుస్తుంది. పెళ్లి ఆపించడానికి వచ్చిన అన్న లారెన్స్ కారోల్‌నే పాలీ అనుకొని, ఆమెను డబ్బుకు ఆశపడే మనిషిగా జమకట్టి అవమానిస్తాడు. ఆ పొరపాటును సరిదిద్దక, అతడు తమను ఎలా ఊహించాడో అలాగే నటించి ఆటపట్టిస్తారు కారోల్, ట్రిక్సీ. ట్రిక్సీ పన్నిన నాటకంలో చిక్కి, పరువు కాపాడుకోవడానికి లారెన్స్ 10,000 డాలర్ల చెక్కు రాసిస్తాడు. కారోల్ దానిని బ్యాంకుకు పంపదు; పటం కట్టించి గోడకు తగిలిస్తుంది!

అలాగని చిత్రం ఈ యువతులను దేవతలుగా చూపదు. లారెన్స్ వెంట వచ్చిన ముసలి వకీలును ట్రిక్సీ అతడి ఆస్తి చూసే పట్టుకుంటుంది. దర్శకుడు అందుకామెను దండించడు. ఆకలి రుచి తెలిసిన మనిషి భద్రత కోరుకోవడం నేరం కాదన్నది ఆయన భావమని మాకు తోస్తున్నది. కారోల్‌గా జోన్ బ్లాండెల్, ట్రిక్సీగా ఎలైన్ మెక్‌మాన్ అభినయం ఈనాటికీ తాజాగా ఉన్నది.

జంటలు కుదిరిన పిమ్మట శుభం కార్డు పడవలసిన చోట బర్క్‌లీ మరొక పాట చిత్రించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులు ఉచిత భోజనం కోసం వరుసలో నిలబడిన దృశ్యమది. తమకు రావలసిన బోనస్ కోసం వాషింగ్టన్ చేరిన మాజీ సైనికులను 1932లో సైన్యం తరిమివేసిన ఉదంతం ప్రేక్షకుల మనసుల్లో అప్పటికింకా పచ్చిగానే ఉన్నది. నవ్వుకు అడుగున ఉన్న దుఃఖం అక్కడ బయటపడుతుంది.

నెల తిరిగేసరికి జీతం చేతికందే మనకు ఇతరుల ఆశను అత్యాశ అనడం సులభం. అలా అనబోయే ముందు కారోల్ గోడమీది ఆ పటాన్ని ఒక్కసారి తలచుకోవలసిందిగా మా మనవి.