గృహవిజ్ఞానము: బుడగల చాకొలెట్టు

కొన్ని పాలచాకొలెట్టు బిళ్లలను విరిచి చూచినచో లోపల తేనెపట్టువలె సన్నని రంధ్రములు కానవచ్చును. పైకి నున్నగా నుండు బిళ్లలోనికి ఈ రంధ్రములెట్లు వచ్చెనని పిల్లలడిగినపుడు తల్లి చెప్పగలిగియుండుట మేలు.

ఇడ్లీపిండిలోని బుడగలు పులియుటవలన కలుగును. చాకొలెట్టు పులియదు, ఇందలి పని యంతయు ఒత్తిడిది. కోకో, కోకోవెన్న, పాలసారము, పంచదార చేర్చి మెత్తగా నూరి కరగించిన చాకొలెట్టులోనికి వాయువును మిక్కిలి ఒత్తిడితో నెక్కించి చిలుకుదురు. దీనిని, ముందుగా చాకొలెట్టు పూత పోసిన అచ్చులలో నింపి, ఒత్తిడి తగ్గించుచు చల్లార్తురు. ఒత్తిడి తగ్గినకొలది బుడగలుబ్బును. గోలీసోడా కొట్టగనే బుడగలు పొంగుట మీరెరుగుదురు గదా! సోడాలో అవి పారిపోవును. ఇచ్చట అవి తప్పించుకొనులోపలనే చాకొలెట్టు గట్టిపడి వానిని బంధించును. మామూలు గాలిలోని ప్రాణవాయువు కొవ్వును క్రమముగా చెరుపును గనుక, నత్రజనినో బొగ్గుపులుసు వాయువునో వాడుట కలదు.

ఇంగ్లండు దేశమున యార్కు నగరమందలి రౌన్‌ట్రీ కంపెనీవారు 1935లో ఈ పద్ధతికి పేటెంటు కోరి, ఆ యేడే "ఏరో" అను పేర బిళ్లలను విక్రయింపసాగిరి. 1988లో ఆ కంపెనీ నెస్లేవారి వశమయ్యెను.

బుడగల నడుమనుండు గోడలు పలుచనివి గావున ఈ చాకొలెట్టు నాలుకపై త్వరగా కరగును. ఆ సుఖము నిజమే. కాని ఒకే పరిమాణముగల రెండు బిళ్లలను త్రాసులో నుంచినచో ముల్లు గట్టిబిళ్లవైపే మొగ్గును. కావున బిళ్ల పొడవు వెడల్పులు చూచి మోసపోక, పైకాగితముపై ముద్రించిన తూకమును చూచి వెల పోల్చుకొనుడు. తేలికగా నున్నదని పిల్లలకు రెండవది ఈయబోకుడు. బుడగలు చోటును ఆక్రమించునే గాని, అదే తూకమునందలి పంచదారను తగ్గింపవు.

మరియొక మాట. కోకోవెన్న సుమారు 34 డిగ్రీల వేడిమికి కరగును. మన వేసవిలో బిళ్ల యింటనే మెత్తబడి కరగినచో బుడగలు పోవును. మరల చల్లబరచిన గట్టిపడును గాని, మునుపటికంటె చిన్నదై రంధ్రములు లేక యుండును. దాని తూకము మాత్రము తగ్గదు. మీరు వెలయిచ్చి కొన్న సరుకు అంతయు అదియే.