నోట్సులు తూకానికి వేయవద్దు

"కూటికి లేనివాడికి చదువెందుకు?" అనే మాట మనం ఇంకా వింటూనే ఉన్నాం. దీనికి 1400 ఏళ్ల నాడే మదీనాలో జవాబు దొరికింది.

అక్కడ ప్రవక్త ముహమ్మద్ (స) మసీదులో 'సుఫ్ఫా' అనే అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేనివారు అక్కడే తలదాచుకొని, పెట్టింది తిని చదువుకునేవారు. మన భాషలో అదొక హాస్టలు. యెమెన్ నుండి వచ్చిన హజ్రత్ అబూ హురైరా అక్కడ ఆకలిని ఓర్చుకొని, విన్నదల్లా గుర్తుపెట్టుకున్నారు. ఆయన పేరున 5,000కు పైగా హదీసులు, అంటే ప్రవక్త మాటలు, నమోదయ్యాయి.

ఆయన శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ గురువు చెప్పినవాటిలో 138 హదీసులను చిన్న పుస్తకంగా రాసుకున్నారు. దాని నకళ్లను బెర్లిన్, డమాస్కస్‌లలో గుర్తించి 1953లో అచ్చువేయించినది ఎవరో కాదు, హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002). ఒక శిష్యుని నోట్సు విలువ అంతటిది!

ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లకు కొల్లేటి లంకల నుండి వచ్చే తమ్ముళ్లలో గైడ్లు కొనే స్తోమత ఎందరికుంది? అయినా పరీక్షలు కాగానే ఎన్నో మంచి నోట్సులు పాత పేపర్లతో తూకానికి పోతున్నాయి.

ప్రతి హాస్టల్లో నోట్సులకొక బీరువా ఉండాలని మా అభిప్రాయం. హదీసు చెప్పేవారు ఎవరి నుండి విన్నారో ముందు చెప్పేవారు. అలాగే ప్రతి నోట్సు మీద పాఠం చెప్పిన మాస్టారి పేరు, రాసినవారి పేరు ఉండాలి. తప్పుంటే అడగవచ్చు, నమ్మకమూ ఉంటుంది. పూర్వ విద్యార్థులారా, ఆ బీరువా మీరు కొనివ్వండి. నింపే పూచీ మాది.