ఇంటికి ఏ నేల మంచిది?



ఇల్లు కట్టుకునేవారు, పాత ఇల్లు బాగుచేయించుకునేవారు తరచుగా మమ్మును అడిగే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, బండలు వేయించమంటారా, టైల్స్ వేయించమంటారా?" ఈ విషయములో మేము నిపుణులము కాము. ఒక పొరపాటు చేసి నేర్చుకున్నవారము గనుక ఈ మాసము దీనిని గురించి వ్రాస్తున్నాము.

బల్కంపేటలో మేము కాపురమున్న ఇల్లు పాతది. ముందు గదిలోను, వంటగదిలోను తాండూరు బండలున్నవి. కొన్నేళ్ళ క్రిందట బాత్‌రూమును, దాని ముందున్న నడవను బాగుచేయించవలసి వచ్చినది. బంధువుల ఇంట చూచిన అద్దమువంటి టైల్స్ మా మనస్సులో ఉన్నవి. దుకాణములో మేము చూచినవి రెండే: మెరుపు, ధర. మొదటి వర్షాకాలములోనే మా అమ్మగారు తడి కాళ్ళతో నడవలోనికి వచ్చి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగినది. ఆపరేషను అయిన తరువాత నెలల తరబడి ఒకరు పట్టుకుంటేనే నడిచేవారు. "నేలదేముంది నాయనా, నేనే చూసుకోలేదు" అని ఆమె అన్నప్పుడెల్లా మాకు తల వంగిపోయేది. తప్పు ఆమెది కాదు, మాది.

కావున నేల ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ గదిలో నడిచేది ఎవరు? అక్కడ నీళ్ళు పడతాయా? రోజూ తుడిచేది ఎవరు?

ఇక రకముల సంగతి. మన ప్రాంతమునకు పాత నేస్తము తాండూరు బండ. మన బేగంపేట మీదుగా వాడి వరకు 1874లో పడిన రైలుమార్గము మీదనే తాండూరు ఉన్నది. ఈ బండ, దాని చుట్టమైన షాబాద్ బండ సున్నపురాతి జాతివి. ఎండాకాలములో చల్లగా ఉంటాయి, తరాల పాటు మన్నుతాయి. నునుపు చేయని బండ మీద కాలు నిలుస్తుంది. అయితే సున్నపురాయి గనుక ఆసిడ్ పడితే మచ్చ పడుతుంది. రాజస్థాన్ నుండి వచ్చే మార్బుల్‌కు కూడ ఇదే బలహీనత. నిమ్మరసము, చింతపండు పులుసు చాలు, మెరుపు పోతుంది. వంటగదికి అది తగదు.

గ్రానైట్ గట్టిది. మన కరీంనగర్, చీమకుర్తి గ్రానైట్ దేశ విదేశాలకు వెళ్తుంది. పులుపుకు చెడదు గనుక పొయ్యి గట్టుకు మంచిది. నేలకు వేస్తే, పాలిష్ చేసినది తడిలో జారుతుంది.

విట్రిఫైడ్ టైల్స్ నీటిని అర శాతము కంటె ఎక్కువ పీల్చవు. అందువలన మరకలు ఇంకవు. అందువలననే మామూలు సిమెంటు కూడ వాటిని గట్టిగా పట్టుకోదు. వాటికి ప్రత్యేకమైన జిగురు వాడాలి. సరిగా అంటకపోతే కొన్నాళ్ళకు టైలు లేచిపోతుంది. పరచిన తరువాత నాణెముతో తట్టి చూడండి. డొల్ల శబ్దము వస్తే మేస్త్రీ డబ్బు తీసుకుని వెళ్ళకముందే సరిచేయించండి.

పాత బండల మీదనే టైల్స్ వేయిస్తే ఖర్చు తగ్గుతుందని చెప్తారు. కాని నేల ఎత్తు పెరుగుతుంది. తలుపులు చెక్కవలసి వస్తుంది, గది గదికి మధ్య చిన్న మెట్టు మిగులుతుంది. పెద్దల కాలు తగిలేది అక్కడే.

కొనేటప్పుడు ఒక ముక్క క్రింద పెట్టించి, దాని మీద నీళ్ళు పోయించి, చెప్పులు విడిచి కాలు మోపి చూడండి. దుకాణదారు నవ్వినా పరవాలేదు. లెక్క కూడ ముందే వేసుకోండి. పది అడుగులు, పన్నెండు అడుగుల గది 120 చదరపు అడుగులు. రెండడుగుల చదరపు టైల్స్ ముప్పది పడతాయి. కోతకు, విరుగుటకు మూడు ఎక్కువ తీసుకోండి. తరువాత వెళ్తే అదే రంగు దొరకకపోవచ్చు. బాత్‌రూములో నీరు నిలువకుండ తూము వైపు వాలు పెట్టించడము మరువకండి.

మేము నడవలోను, బాత్‌రూములోను ఆ టైల్స్ తీయించి గరుకు రకము వేయించాము. ముందు గదిలోని తాండూరు బండలను ముట్టుకోలేదు. జాయింట్లు మాత్రము పూయించాము. రెండుసార్లు ఖర్చయినది. ఇప్పుడు నేల జారదు. అయినను అమ్మగారు నేటికిని ఆ నడవలో గోడ పట్టుకునే నడుస్తారు. నేలను మార్చగలిగాము గాని ఆమె భయమును మార్చలేకపోయాము.

మీ ఇంట పెద్దవారుంటే, దుకాణమునకు వెళ్ళే ముందు వారిని ఒక్కమాట అడగండి. మేము అడగలేదు.